కుర్చీ ఎత్తున గాలి

జనవరి 9

చిరంజీవి ఆకుల డాక్టరమ్మకి,

మీ మేనమామ ఆశీస్సులు. నీకు వేరే ఏమిచ్చినా తప్పులు పడతావు కాబట్టి ఇవే ఇస్తున్నాను.

నువ్వు పంపిన పెట్టె అందింది. పెట్టెలో ఇంకో పెట్టె, దాంట్లో దూది, దూదిలో గొట్టాలు. గొట్టాల్లో ఏముందా అని కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఏమీ లేదు. అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఖాళీ గొట్టాలు పంపడానికి నీకు జీతమిస్తున్నారన్నమాట. నేను ఉద్యోగమంతా రోడ్లు వేశాను. వేసిన రోడ్డు మీద బస్సు నడిచేది. నీ పరిశోధన మీద ఏం నడుస్తుందమ్మా?

ఈ ఉత్తరాల గోల మీ అత్తయ్య ఆజ్ఞ. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటుంటే వీధి చివరిదాకా వినబడుతోందట, ఆ కేకలకి ఆవిడకి దగ్గు తెర వస్తోందట. ‘మామా మేనకోడలూ తిట్టుకోవాలనిపిస్తే కాగితం మీద తిట్టుకోండి, నా చెవిన వేయకండి’ అంది. ఎలాగూ గొట్టాలు వెనక్కి పంపాలిగా, వాటితోపాటు తిట్లూ వస్తాయి.

ఇంతకీ నీ కన్ను మా వీధి మీద పడినందుకు సంతోషం. రిటైరయ్యాక నన్ను వీధి సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తే, నేను చేసిన మొదటి పని రెండు వైపులా చెట్లు పెట్టించడం. ఉద్యోగంలో ఎన్ని చెట్లు కొట్టించానో నాకే తెలీదు. అందుకు సిగ్గుపడే రకాన్నీ కాదు. కానీ మీ అత్తయ్య ఊపిరితిత్తులు చూసే డాక్టరు ఆవిడకి మంచి గాలి కావాలన్నాడు. కావాలంటే తేవాలి కదా, తెచ్చాను. ఇప్పుడవి మేడల ఎత్తుకి పెరిగి, పైన ఇటు కొమ్మా అటు కొమ్మా కలిసిపోయాయి. పందిరి వేసినట్టు ఎండ చుక్క పడదు. రోజూ సాయంత్రం మీ అత్తయ్య కుర్చీ గేటు బయట, చెట్టు మొదట్లో వేయిస్తున్నాను. ఇది నీ పుస్తకాల్లో రాసుకో.

తారు తొక్కిన మనిషి,
మీ మామయ్య


జనవరి 17

తారు మామయ్యకి,

నమస్కారాలు. నువ్వు వేసిన రోడ్ల మీద బస్సులు నడిచిన మాట నిజమే. మొదటి వాన దాకా.

ఆ గొట్టాలు ఖాళీవి కావు. మూత లోపల మందు పూసిన చిన్న జల్లెడ ముక్క ఉంది. బళ్ళు వదిలే విషవాయువు దానికి అంటుకుంటుంది. రెండు వారాలు వేలాడదీసి మూత బిగించి పంపితే, ఎంత అంటుకుందో మా ప్రయోగశాలలో తేలుస్తాం. దీనికి తెలివితేటలు అక్కర్లేదు కాబట్టే నిన్ను అడిగాను. దీపస్తంభాలకి, రోడ్డు వైపు, నడుం ఎత్తున కట్టు. అంటే కుర్చీలో కూర్చున్న మనిషి ముక్కు ఎక్కడుంటుందో అక్కడ. ఇంతే. ఇందులో నీ ఇంజనీరింగ్ చూపించకు.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను, ఒక్క నిమిషం నోరు మూసుకుని చదువు. విశాలమైన చోట చెట్టు మేలే చేస్తుంది. నీ వీధి విశాలమైంది కాదు, రెండు వరసల మేడల మధ్య ఇరుకు సందు. దాంట్లో పొద్దస్తమానం బళ్ళు. పైన కొమ్మలు కలిసిపోయాయని మురిసిపోతున్నావు. మరి కింద పొగ పైకి పోయే దారేది? గిన్నె మీద మూత పెట్టినట్టు అయ్యుండొచ్చని నా అనుమానం. అనుమానమే. గొట్టాలు వస్తే తేలుతుంది. అప్పటిదాకా అత్తయ్యని లోపల కూర్చోబెట్టు.

ఇక్కడ నా బతుకు నీకు నవ్వులాటగా ఉంది గానీ, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ పని చూసే ఖాయం చేస్తారు. మా డైరెక్టరుకి చెట్టంటే ఫొటోలో తన వెనకాల ఉండాల్సిన వస్తువు. మా ఆఫీసు గోడ మీద ‘ప్రకృతే పరిష్కారం’ అని ఇంతింత అక్షరాలతో రాయించాడు. ఆ అక్షరాలు రోడ్డు మీదకి కనబడటం లేదని అడ్డొచ్చిన చెట్టు కొట్టించాడు. నీకూ ఆయనకీ బాగా కుదురుతుంది.

కట్టేది నడుం ఎత్తున. మళ్ళీ చెబుతున్నాను.

ఆకులు లెక్కపెట్టుకునే,
నీ మేనకోడలు


ఫిబ్రవరి 6

డాక్టరమ్మకి,

గొట్టాలు పంపుతున్నాను. కట్టాల్సిన చోట కట్టాను, విప్పాల్సిన రోజు విప్పాను. ఎక్కి దిగి ఎక్కి దిగి మోకాళ్ళు అరిగిపోయాయి. నీ సైన్సు కోసం ముసలి మేనమామ మోకాళ్ళు అరగదీసుకున్నాడని నీ నివేదిక చివర ఒక ముక్క వేయించు.

నా చెట్లు గిన్నె మీద మూతా? ఇన్నేళ్ళు చదివి ఇదేనా నువ్వు నేర్చుకున్నది? చెట్టు గాలిని శుభ్రం చేస్తుందని ఒకటో తరగతి పుస్తకంలో బొమ్మ వేసి చెబుతారు. నువ్వు ఆ తరగతి పాసయ్యావని మీ అమ్మ నాతో అబద్ధం చెప్పింది. ఉద్యోగమంతా చెట్లు కొట్టిస్తే ‘హంతకుడు’ అన్నావు, అదీ మీ అక్క పెళ్ళిలో, అందరి ముందూ. ఇప్పుడు నాటితే ‘మూత’ అంటున్నావు. అసలు నేను ఏం చేస్తే నీ కడుపు చల్లబడుతుంది?

మీ అత్తయ్యని లోపల కూర్చోబెట్టమన్నావు. నీ మాట విని పొద్దున పూట కూడా బయటే కూర్చోబెడుతున్నాను.

మామయ్య


మార్చి 2

మామయ్యకి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలీదు. తెలిస్తే పటం కట్టించుకుంటావు.

నీ గొట్టాల ఫలితాలు వచ్చాయి. మేం చూసిన వీధులన్నిట్లో నీ వీధి గాలే శుభ్రంగా ఉంది. కొంచెం కాదు, చాలా. నమ్మలేక రెండోసారి చూడమన్నాను. అదే వచ్చింది. నా అనుమానం తప్పన్నమాట. మూత కాదు, పందిరే. చాలా? ఇంతకంటే కిందకి వంగలేను.

మా డైరెక్టరు మనిషి మనిషిలా లేడు. పదిహేను రోజుల్లో సభ పెట్టిస్తున్నాడు. ఇరుకు వీధులన్నిట్లో నీ వీధిలాగే చెట్లు పెట్టించే పథకమట, దాని గురించి నేను మాట్లాడాలట, నేను దిగాక ఆయన మాట్లాడతాడట. నీ వీధి ఫొటో వేదిక వెనకాల గోడంత వేయిస్తున్నారు. సభ అయ్యాక నా ఉద్యోగం కాగితాల మీద సంతకం చేస్తానన్నాడు. నేను అసహ్యించుకునే ఇద్దరు మనుషులూ ఒకే మాట మీద నిలబడి గెలిచారు. ఇది నాకు దేవుడు వేసిన శిక్ష.

అత్తయ్యని హాయిగా కూర్చోనివ్వు. ఆ విషయంలో నేనే అనవసరంగా భయపెట్టాను.

ఓడిపోయిన,
మేనకోడలు


మార్చి 12

ఓడిపోయిన డాక్టరమ్మకి,

నీ ఉత్తరం వీధి సంఘం బోర్డులో అద్దం వెనకాల పెట్టించాను. ‘ఇంతకంటే కిందకి వంగలేను’ అన్న దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. ఎదురింటి లాయరు రోజూ పళ్ళు తోముకుంటూ చదువుతున్నాడు. ఖాళీగా ఉన్న చోట్లలో ఇంకో వరస మొక్కలు పెట్టాలని తీర్మానం చేశాం.

మీ అత్తయ్య సంగతే నాకు అర్థం కావట్లేదు. ఊళ్ళోకెల్లా మంచి గాలి ముక్కు దగ్గరకి తెచ్చి పెడితే ఆవిడ దగ్గు తగ్గాలా వద్దా? పెరిగింది. డాక్టరు మందు మార్చాడు, తర్వాత ఇంకోటి కలిపాడు. వాడికి వైద్యం రాదు. ఈవిడకి కూర్చోవడం రాదు, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. అలా అడ్డం పెట్టుకుంటే గాలి లోపలికెలా పోతుందని నేను తిడుతున్నాను.

గొట్టాలు విప్పేటప్పుడు కాకి నా మాడు మీద పొడిచింది చూడు, ఆ గాయం ఇంకా మానలేదు. గూడు పక్కనే కట్టానని దానికి కోపం. మేడ మీది టైలరు నా చెయ్యి పట్టుకోకపోతే ఆ రోజే నేను పోయేవాణ్ణి. కానీ పైన ఎంత చల్లటి గాలనుకున్నావు! నీ ఆఫీసులో ఏసీ కూడా పనికిరాదు.

గెలిచిన,
మామయ్య


మార్చి 16

మామయ్యా,

కాకి గూడు పక్కన ఏమిటి? పైన ఏమిటి? టైలరు నీ చెయ్యి ఎందుకు పట్టుకోవాల్సి వచ్చింది? గొట్టాలు ఎక్కడ కట్టావు?

ఇది అడగడానికే ఫోను చేశాను. ‘ఏదున్నా ఉత్తరం రాయి, మీ అత్తయ్య రూలు’ అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రేపు సభ. నాకు ఇప్పుడు ఊపిరి ఆడటం లేదు.

నేను నడుం ఎత్తున అని రెండుసార్లు రాశాను. అత్తయ్యని ఈ క్షణమే లోపలికి తీసుకెళ్ళు.


మార్చి 21

డాక్టరమ్మకి,

కంగారు తగ్గించుకో. నీ గొట్టాల్ని నేను నీకంటే పద్ధతిగా కట్టాను. టైలరుగారి పిట్టగోడ నుంచి చెయ్యి చాపి చిటారు కొమ్మలకి కట్టాను.

నీకు తట్టని సంగతి చెబుతాను, రాసుకో. గాలిని శుభ్రం చేసేవి ఆకులు. ఆకులున్నది పైన. వంట ఎలా జరుగుతోందో చూడాలనుకున్నవాడు వంటింట్లోకి వెళ్తాడు గానీ వీధి గుమ్మంలో నిలబడతాడా? ఇక నువ్వు చెప్పిన నడుం ఎత్తుకి వద్దాం. అక్కడ కడితే కుక్కలు కాలెత్తుతాయి. స్కూటర్ల హ్యాండిళ్ళు తగుల్తాయి. అన్నిటికంటే ముఖ్యం, బళ్ళ పొగ సూటిగా గొట్టంలోకే పోతుంది! అప్పుడు నీ లెక్క చెడిపోదూ? అందుకే పొగ తగలని చోటు వెతికి మరీ కట్టాను. థాంక్స్ చెప్పాల్సింది పోయి కేకలేస్తున్నావు.

నా సర్వీసులో ఏ జూనియరూ ఏది ఎక్కడ పెట్టాలో నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినలేదు. రోడ్లు ఎక్కడికీ పోలేదు.

మీ అత్తయ్యని ఆసుపత్రిలో చేర్చి తీసుకొచ్చాం. ఊపిరి అందక రాత్రంతా కూర్చునే ఉంది. ఇప్పుడు ఫరవాలేదు. చెట్ల కింద కూర్చోబెడితే తొందరగా తేరుకుంటుంది.

మామయ్య


మార్చి 27

మామయ్యకి,

పొగ కొలిచే గొట్టానికి పొగ తగలకుండా కట్టిన మనిషి ఈ భూమి మీద నువ్వొక్కడివే. నీ మీద కోపం కూడా రావట్లేదు, అంత గౌరవం నీకు ఇవ్వలేను.

సభ సంగతి విను. నీ జవాబు వచ్చేదాకా ఆగే వీల్లేకపోయింది. నీ కాకి చాలు నాకు, మిగతాది అర్థమైంది. వేదికెక్కి, వెనకాల గోడంత నీ వీధి ఫొటో ఉండగా, ‘ఈ లెక్క తప్పు, గొట్టాలు ఉండాల్సిన చోట లేవు, వెనక్కి తీసుకుంటున్నాను’ అని చెప్పి దిగిపోయాను. డైరెక్టరు మైకు అందుకుని ‘మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు’ అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగం కాగితం ఆయన బల్ల మీంచి సొరుగులోకి పోయింది. ఇప్పుడు నా పని ఆఫీసు వరండాలో పూలకుండీలకి పేర్ల చీటీలు అంటించడం. నువ్వు కోరుకున్నది ఇదేగా, ఆకుల పని.

నా ఉద్యోగం పోతే పోనీ. అది నీకు అర్థమయ్యే నష్టం కాదు. నీకు అర్థమయ్యేది చెబుతాను. పొగని కప్పిపెట్టే పందిరి కింద, బళ్ళ పొగ గొట్టాల ఎత్తున, ఊపిరి జబ్బు మనిషిని కుర్చీ వేసి రెండు పూటలా కూర్చోబెట్టావు. అది మంచి గాలి అని రాసిచ్చింది నేను. ఆసుపత్రికి పంపింది మనిద్దరం కలిసి.

అలాగని చెట్లన్నీ నరికెయ్యమని కాదు, గొడ్డలి తీయకు. ఒకటి విడిచి ఒకటి తీసెయ్యాలి. మిగిలిన వాటి కొమ్మలు పలచన చేసి నడుమ ఆకాశం కనబడనివ్వాలి. రోడ్డుకీ నడిచే దారికీ మధ్య గుబురు పొదలు పెట్టాలి, పొగ మనిషి మీదకి రాకుండా. ఎక్కడ ఏ మొక్క పెట్టాలో తెలుసుకోవడమే నా చదువు. నువ్వు అడగని చదువు.

నన్ను నమ్మొద్దు. రెండు గొట్టాలు పంపుతున్నాను. ఒకటి అత్తయ్య కుర్చీ చేతికి కట్టు. ఇంకోటి మీ పెరట్లో బట్టలు ఆరేసే చోట, అంతే ఎత్తున కట్టు. నీకు సిగ్గనేది ఉంటే మేడ ఎక్కకు.

మేనకోడలు


ఏప్రిల్ 15

అమ్మాయికి,

గొట్టాలు పంపుతున్నాను. ఫలితాలు పంపనక్కర్లేదు. ఎందుకో చెబుతాను, చదివి ఎగతాళి చేస్తావనీ తెలుసు.

కుర్చీ చేతికి కట్టాను. కట్టాక కుక్కల భయం పట్టుకుంది. మీ అత్తయ్యని లోపల పడుకోమని, కాపలాకి నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆవిడ పక్కన నిలబడి ఉపన్యాసాలిచ్చాను గానీ ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. రోడ్డు పని కూడా జీపులోంచి చూసినవాణ్ణే. సాయంత్రం బళ్ళు మొదలయ్యాయి. గేటు ముందు మలుపు కదా, ప్రతివాడూ అక్కడ ఆగి గేరు మారుస్తాడు. ప్రతివాడి పొగ గొట్టమూ నా ముఖానికి ఎదురుగా ఉంది. తారు మరిగే డ్రమ్ము పక్కన నిలబడి అన్నం తిన్న మనిషిని నేను. దీపాలు వెలిగేదాకా కూర్చోలేకపోయాను. కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. జలుబు చేసిందేమోనని మర్నాడు కూడా కూర్చుని చూశాను. జలుబు కాదు.

నేనే తీసుకొచ్చి, నేనే కూర్చోబెట్టి, కొంగు అడ్డం పెట్టుకుంటే తిట్టాను కూడా. మీ అత్తయ్య ముఖం చూడలేకపోతున్నాను. ఇది చదివి చింపెయ్, బోర్డు మీద పెట్టకు.

కుర్చీ పెరట్లోకి మార్పించాను. గొట్టం మాత్రం గేటుకి, అదే ఎత్తున రెండు వారాలూ ఉంచాను. నీ లెక్క చెడకూడదని.

సంఘం మీటింగులో నువ్వు రాసినట్టే చెప్పాను. ఒకటి విడిచి ఒకటి తీసెయ్యాలంటే ‘హంతకుడు’ అన్నారు. నా చెట్లు నేను కొడతానంటే ఎదురింటి లాయరు నా మీద కేసు వేస్తాడట. వాడి మెదడులో గొట్టం వేలాడదీస్తే అది మాత్రం నిజంగా ఖాళీగా వస్తుంది. వాళ్ళు నీ పాత ఉత్తరమే నాకు చూపించి చదువుతున్నారు, నేను గీసిన ఎర్ర గీతతో సహా. నువ్వు వచ్చి చెప్పాలి. పూలకుండీలు పారిపోవులే. నీ తిట్లన్నీ మా సంఘం ముందు తిట్టు, నేను పక్కన నిలబడి అవునంటాను.

మామయ్య


ఏప్రిల్ 16

అమ్మాయ్,

నేను మీ అత్తయ్యని. ఈ ఉత్తరం తన కవర్లో పెట్టనన్నాడు మీ మామయ్య, అందుకని విడిగా పంపుతున్నాను. నీ ఉత్తరాలూ, ఆఫీసు అలవాటు కొద్దీ ఆయన దాచుకునే తన ఉత్తరాల నకళ్ళూ బల్ల మీద పడి ఉంటే చదివాను. ఇద్దరికిద్దరూ బాగా తిట్టుకున్నారు. మీ అమ్మ వైపు వాళ్ళకి అది పుట్టుకతోనే వస్తుంది.

ఆయన గొట్టాలు పట్టుకుని టైలరు మేడ ఎక్కడం నేను కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ చెట్ల కింద పొగ కళ్ళల్లో పడుతోందని నాకు కొమ్మలు కలిసిన మొదటి ఏడాదే తెలుసు. చెబుదామనుకుంటూనే ఉన్నాను. కానీ ఆయన జీవితంలో నా కోసం చేసిన పని అదొక్కటి. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు బకెట్లతో నీళ్ళు తనే మోసేవాడు. పోసి వచ్చి, ఇప్పుడెలా ఉంది గాలి అని అడిగేవాడు కాదు. బాగుంది కదూ, అనేవాడు. అవుననేదాన్ని. ఆయన సరే, ఆయనకి అడగడం రాదు.

నువ్వు చదువుకున్నదానివి. లోపల కూర్చోబెట్టమన్నావు, బయట కూర్చోనివ్వమన్నావు, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళమన్నావు. అన్నీ ఆయనకే రాశావు. ఫోను చేశావు, ఆయన పెట్టేశాడు. అత్తయ్యకి ఇవ్వు అని అనలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆ గాలి పీల్చేది నేను. ఊళ్ళూ ఊళ్ళూ తిప్పి గొట్టాల్ని అడిగారు, కాకి కోపం గురించి కూడా రాసుకున్నారు. ‘నీకెలా ఉంది’ అని అడగడానికి మీ ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాలేదు.

నేను ఆ గేటు బయట కూర్చున్నది గాలి కోసం కాదు. మనుషులు కనబడతారని. పెరట్లో ఊపిరి బాగా ఆడుతోంది, కానీ ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనబడవు. అందుకని నువ్వు వచ్చి ఆ చెట్ల సంగతీ పొదల సంగతీ తేల్చు. తేలాక నా కుర్చీ నేనే ముందుకి తెచ్చుకుంటాను.

వచ్చేటప్పుడు గొట్టాలు తేకు. వచ్చి నా పక్కన కూర్చుని అడుగు, చెబుతాను.

అత్తయ్య